డివిలియర్స్: ఒక ఇంటిపేరు చెప్పే సంగతులు

క్రికెట్ చూసే మీ పిల్లలను అడిగితే ఏబీ డివిలియర్స్ ఎవరో చెప్పగలరు. 2011 నుండి 2021 వరకు బెంగళూరు జట్టులో ఆడిన దక్షిణాఫ్రికా క్రీడాకారుడు. ఏబీ అనగా అబ్రాహాము బెంజమిను. అయితే ఆ ఇంటిపేరు వెనుక మన ప్రొటెస్టెంటు సంఘముల చరిత్ర ఉన్నదని బహుశా పెద్దలకు కూడా తెలియదు.

మన ఇంటిపేర్లలో అనేకము ఊరి పేర్లే. ఇదియు అంతే. ఇది ఫ్రెంచి పేరు. విల్లియే అంటే చిన్న పల్లె. ఆ పల్లెవారు "ద విల్లియే" అయ్యారు.

ఫ్రాన్సు దేశములోని ప్రొటెస్టెంటులను హ్యూగనాట్లు అనేవారు. 1598లో నాంట్ శాసనము వారికి ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చింది. 1685లో పద్నాలుగవ లూయీ రాజు దానిని రద్దు చేశాడు. మందిరములు కూల్చారు. పాదిరులు పదిహేను రోజులలో దేశము విడువవలెనన్నారు. విశ్వాసులు మాత్రము పోకూడదు. పారిపోతూ దొరికిన మగవారిని ఓడలలో తెడ్లు వేసే శిక్షకు పంపారు. అయినను వేలాదిమంది ఇల్లు, పొలము విడిచి రాత్రివేళ సరిహద్దులు దాటారు.

అలా హాలెండు చేరినవారిలో లా రొషెల్ ప్రాంతపు అన్నదమ్ములు ముగ్గురు: పియెర్, అబ్రహాం, జాక్. ద్రాక్షతోట పని ఎరిగినవారని డచ్చి కంపెనీ వారిని 1689లో ఆఫ్రికా దక్షిణ కొననున్న కేప్‌కు పంపింది. ఫ్రాన్‌షుక్ లోయలో వారికి భూమి దొరికింది. కొన్ని తరములలోనే వారి ఇండ్లలో ఫ్రెంచి భాష పోయింది, ఇంటిపేరు మిగిలింది. బోషెన్‌డాల్ అనే పెద్ద తోట 1715 నుండి 1879 వరకు ఆ వంశము చేతిలోనే ఉన్నది.

ఇంతవరకు విని మనము సంతోషిస్తాము. కాని ఆ తోటలలో చెమటోడ్చినది ఎవరు? బానిసలు. మన మచిలీపట్నములో వర్తకము చేసిన ఆ డచ్చి కంపెనీయే బంగాళము నుండి, మన కోరమాండల్ తీరము నుండి కూడా మనుష్యులను కేప్‌కు కొనిపోయింది. వారి సొంత పేర్లు తీసివేసి, బైబిలు పేరో, నెల పేరో పెట్టి, దాని ప్రక్కన వారు వచ్చిన సీమ పేరు తగిలించారు. హింస తప్పించుకొని వచ్చినవారి బిడ్డలు తమ ఇంటిపేరును మూడు వందల ఏండ్లు భద్రము చేసుకున్నారు. వారి పొలములో పనిచేసినవాని ఇంటిపేరు ఏమిటో నేడు ఎవరికీ తెలియదు.

బానిసలకు 1838లో పూర్తి విడుదల కలిగింది. 1843లో బోషెన్‌డాల్ ప్రక్కనే, విడుదల పొందినవారి కొరకు ఒక మిషను గ్రామము వెలసింది. దాని పేరు పెనూయేలు. యాకోబు క్రొత్త పేరు పొందిన స్థలము పేరే అది. ఆ ఊరు నేటికీ ఉన్నది.

మన పిల్లలకు వంశచరిత్ర చెప్పుట మంచిదే. మన తాతలు పడిన కష్టములు చెప్పుదము. వారి పొలములో కూలి చేసినవారు ఎవరో, వారి పేర్లు ఏమిటో, అదియు అడిగి తెలిసికొని చెప్పుదము.