పేరు వెనుకనున్న ప్రార్థన

పాఠశాలలో హాజరుపట్టీ చదువునపుడు పుల్లయ్య యనియో పెంటయ్య యనియో వినబడగానే వెనుకబల్లలయందు కిలకిలలు పుట్టుట కలదు. ఆ పేరుగల బాలుడు తల వంచుకొని పలుకును. నవ్వినవారికిగాని నవ్వులపాలైనవానికిగాని ఆ పేరెట్లు వచ్చినదో తెలియదు. తెలిసినచో నవ్వు రాదు; కన్నీరు వచ్చును.

పూర్వము పురుటిలోనే బిడ్డలు వరుసగా పోయెడి యిండ్లలో, తరువాత పుట్టిన బిడ్డనైనను మృత్యువు కంటబడకుండ దాచుకొనవలెనని తల్లి తపించెడిది. శిశువును పెంటకుప్పపై నొకసారి పరుండబెట్టి తీసికొని పెంటయ్య యనిరి. పుల్లివిస్తరాకులలో పొర్లించి పుల్లయ్య యనిరి. బిడ్డ పేర భిక్షమెత్తి భిక్షమయ్య యనిరి. పిడికెడు తవుడిచ్చి కొన్నట్లు నటించి తవిటయ్య యనిరి. విలువలేనిదాని నెవరాశింతురు? మృత్యువైనను విడిచిపోవునని వారి యాశ. కావున ఆ పేరు తిట్టు కాదు, కవచము.

ఇది మన దేశమునకే చెల్లిన వింత కాదు. నైజీరియా దేశపు ఆగ్నేయభాగమున ఇగ్బో జాతివారు గలరు. వారి పేర్లలో పెక్కు చిన్న చిన్న వాక్యములు. ఒన్వుబికో యనగా ‘మృత్యువా, నిన్ను వేడుకొనుచున్నాను’ అని యర్థము. ఓజోఎమెనా యనగా ‘మరల జరుగకుండుగాక’. ఆ జాతివాడైన చినువా అచెబె 1958లో వెలువరించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలలో, బిడ్డలను పోగొట్టుకొనుచున్న ఎక్వెఫీ యను తల్లి ఇట్టి పేర్లే పెట్టును. మనవారు మృత్యువును ఏమార్చజూచిరి. వారు మృత్యువునే ప్రార్థించిరి. కడుపుకోత మాత్ర మొక్కటే.

కృష్ణాతీరపు పేర్లలో మ్రొక్కుబడులును వినవచ్చును. దివిసీమలోని మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సంతానమునకై వేడుకొనిన దంపతులు బిడ్డకు సుబ్బారావు, సుబ్బమ్మ, నాగమణి యని పేరిడుదురు. బందరు చెంత చిలకలపూడిలో 1929లో పాండురంగని యాలయము వెలసినది. ఆ స్వామిని కొలుచు ఇంట పాండురంగారావు పుట్టును. దర్గాకు మ్రొక్కుకొనిన హిందూ గృహములలో మస్తానయ్య, నాగూరయ్య యను పేర్లు గలవు. ఆపదలో తల్లి మతభేదము నెంచలేదు.

ఇంటిపేరు వేరొక కథ చెప్పును. గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు 1922లో గుడివాడ దాపుననున్న చౌటపల్లిలో జన్మించెను. ఆయన యింటిపేరు కృష్ణాజిల్లాలోనే యున్న ఒక ప్రాచీన బౌద్ధక్షేత్రము పేరు. పూర్వులు ఊరు విడిచినను ఊరు వారిని విడువదు.

మనుమనికి తాతపేరు పెట్టుట మన యాచారము. మామగారి పేరు కోడలు పలుకరాదు గనుక, తన బిడ్డనే ఆమె వేరొక ముద్దుపేరుతో పిలుచుకొనెడిది. ఇగ్బోలలోను నెన్నా యను బాలిక గలదు. ‘తండ్రికి తల్లి’ యని దాని యర్థము. పోయినవారు పేరుగా తిరిగి వచ్చుట అచటను కలదు, ఇచటను కలదు.

నేడు ఆసుపత్రులు, టీకాలు వచ్చి పురుటిగండములు తగ్గినవి. పెంటయ్యలు తాతల తరమున మిగిలిరి. బడిలో చేర్చునపుడు మనుమని పేరు మార్చి వ్రాయించువారును గలరు. అది వారి యిష్టము. కాని మరియొక మార్పు కూడ జరుగుచుండెడిది. ముచ్చటపడి తల్లి చేర్చిన ‘అయ్య’ను పేదవాని పేరునుండి త్రుంచివైచి, ఊరివారు వానిని పుల్లిగాడని పిలిచిరి. మృత్యువునుండి బిడ్డను దాచిన పేరు, మనుష్యుల నోటినుండి వానిని దాచలేకపోయినది.

హాజరుపట్టీ ఉపాధ్యాయుని చేతిలోనున్నది. ప్రతి బాలుని పేరును పూర్తిగా, స్పష్టముగా పలుకుట ఆయన చేయగల గౌరవము. ‘నీ పేరెవరు పెట్టిరి? ఏల పెట్టిరి? ఇంట పెద్దలనడిగి రమ్ము’ అని ఒక్కనాడు పంపినచో, మరునాడు తరగతిలోనికి ముప్పది కుటుంబముల చరిత్ర నడచివచ్చును. ఆనాడు పుల్లయ్య మనుమడు తల యెత్తి తన తాతపేరు చెప్పును.