బహ్రెయిన్ ప్రయాణానికి ముందు కాగితం చదివించుకోవాలి

కనిగిరి: వానలు మొహం చాటేస్తే ఈ మెట్ట ప్రాంతంలో కూలి దొరకదు. హైదరాబాదు, బెంగుళూరు వలసలు ఇక్కడివారికి కొత్త కాదు. గల్ఫ్ మాట వినబడితే మాత్రం పుస్తెలు సైతం తాకట్టుకు వెళతాయి. ఒప్పందంలో ఏముందో తెలుసుకోకుండా వేలిముద్ర వేస్తే, మనిషి అక్కడ చిక్కుకుంటాడు, వడ్డీ ఇక్కడ పెరుగుతుంది.

గల్ఫ్‌లోని చిన్న ద్వీపదేశం బహ్రెయిన్. అక్కడి 2012 నాటి 36వ నంబరు కార్మిక చట్టం యజమానికీ, కార్మికునికీ హద్దులు గీసింది. ఒప్పందం రాతలో ఉండాలి. ఒక ప్రతి కార్మికుని వద్దే ఉండాలి. పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. అదనపు పనికి పగలైతే కూలిపై పాతిక శాతం, రాత్రయితే యాభై శాతం ఎక్కువ ఇవ్వాలి. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పని మానాలన్నా, మాన్పించాలన్నా 30 రోజుల నోటీసు తప్పనిసరి. అయితే ఇంటి పనివారికి ఈ పనిగంటల హద్దు వర్తించదు.

సర్వీసు సొమ్ము మొదటి మూడేళ్లకు ఏడాదికి అరనెల జీతం, ఆపైన నెల జీతం. 2024 మార్చి నుంచి యజమాని దీనిని నెలనెలా అక్కడి సామాజిక బీమా సంస్థకు కట్టాలి.

ఇక్కడ చూసుకోవలసినవీ ఉన్నాయి. పదో తరగతి పాసుకాని వారు 1983 నాటి వలస చట్టం కింద అనుమతి పొందాలి. అలాంటి పాసుపోర్టుతో వెళ్లే స్త్రీలకు 30 ఏళ్లు నిండాలి. ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. అతను తీసుకోదగిన రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. రశీదు ఇవ్వనివాడి చేతిలో సొమ్ము పెట్టరాదు.

పుస్తెలు తాకట్టుకు వెళ్లకముందే చదువుకున్న వారిచేత ఆ కాగితం చదివించుకోవడం మేలు.