మాపటికి ఏం వంట?

“మాపటికి ఏం జేస్తాండావక్కా?”

పొద్దు వాలితే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో అరుగుల మీద వినిపించే ప్రశ్న ఇది. “ఏముందమ్మా, ఇంత సంగటి, ఇంత చెనిక్కాయల ఊరిబిండి” అన్నది ఒకప్పుడు ఇంటింటి జవాబు. నేడు ఆ జవాబు ఇంటికొక తీరుగా ఉంది.

కన్నడ సీమను ఆనుకున్న హిందూపురంలో బస్సారుకు పెట్టింది పేరు. ఆకుకూర, బ్యాళ్లు కలిపి ఉడికించి నీళ్లు వంచుతారు. ఆ నీళ్లలో వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిరప, కొబ్బరి నూరి కలిపి, చింతపండు పులుసు పోసి కాస్తే చారు. మిగిలిన కూరకు తిరగవాత పెడితే పల్యం. ఒక్క ఉడుకుతో రెండు వంటలు. చలికాలంలో అనపకాయలు దిగితే పితికిపప్పు వంతు. నానిన గింజల తోలు వేళ్లతో పితికి తీయాలి. ఇంటిల్లిపాదీ కూర్చుంటేగాని ఆ పని తెమలదు.

పట్టుచీరల ధర్మవరంలో చాలామందికి మగ్గం ఇంట్లోనే. కండెలు చుట్టే ఇల్లాలే పొయ్యి కూడా చూసుకోవాలి. కనుక అన్నం, పప్పుతో సరి. మరీ తీరిక లేనినాడు బొరుగులు నానబెట్టి ఉగ్గాని.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక షిఫ్టు పనివారి ఇళ్లలో భోజనం వేళలే మారాయి. సంగటి వేడిమీద తినాలి, ఆరితే గట్టిపడుతుంది. క్యారియరుకు అన్నమే అనువు.

సంగటి తగ్గింది రుచి చాలక కాదు. మెట్టచేలను వేరుశనగ కమ్ముకోగా రాగి, కొర్ర, జొన్న వెనుకబడ్డాయి. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ఇవ్వడంతో పండగనాటి వరి అన్నం పేదింట నిత్యభోజనమైంది. అది మేలే. కాగా, ఇంటి గాదెలో ఉండే రాగులు చాలామందికి అంగడిలో కొనే సరుకయ్యాయి.

100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో ఉండేది సుమారు 10 మిల్లీగ్రాములే. ఎదిగే పిల్లలకు, బాలింతలకు ఈ తేడా చిన్నది కాదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది కూడా ఇటువంటి మేలు చూసే.

సంగటికి ఖర్చు తక్కువ, కష్టం ఎక్కువ. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, మూతపెట్టి, సన్నసెగన మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండా కట్టెతో గెలకాలి. చేను నుండో, మగ్గం నుండో లేచివచ్చిన ఇల్లాలి చేతులకు అది భారమే. ఆ కట్టె మగవారు అందుకుంటే వారానికి రెండుమార్లయినా సంగటి మళ్లీ ఉడుకుతుంది. మిగిలిన ముద్దను మజ్జిగలో పిసికితే తెల్లవారి సద్దికి వెతుక్కోనక్కరలేదు.