సైకిల్ చైన్ మనమే మార్చుకుందాం

బడి వేళయింది. అమ్మాయి సైకిల్ ఎక్కింది. నాలుగు తొక్కులు తొక్కేసరికి చైన్ ఊడిపోయింది. నిన్న కూడా ఇంతే. హైస్కూలు పక్క ఊళ్లో ఉంది. ఇలా రోజూ ఆలస్యమైతే "ఇంక బడి మానెయ్" అనే మాట వస్తుంది. చైన్ కోసం చదువు ఆగాలా? అక్కర్లేదు. చైన్ మార్చడం మనమూ నేర్చుకోవచ్చు.

చైన్ ఎందుకు ఊడుతుంది?

చైన్ సాగిందని అంటాం. నిజానికి ఇనుము సాగదు. లింకుల్ని కలిపే పిన్నులు దుమ్ముతో రాసుకుని అరుగుతాయి. ఒక్కో కీలు కొంచెం వదులవుతుంది. అన్నీ కలిసి చైన్ పొడవవుతుంది.

అరిగిందో లేదో కొలిచి చూద్దాం. బట్టలు కుట్టేవాళ్ల టేపు తీసుకోండి. ఒక పిన్ను మధ్యలో టేపు మొదలు పెట్టండి. దాని తర్వాతి పిన్నును 1 అనుకుని 24 దాకా లెక్కపెట్టండి. కొత్త చైన్‌లో 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. పావు అంగుళంలో సగం దాటితే చైన్ మార్చాలి.

ఏమేం కావాలి?

కొత్త చైన్, దాని లాకు, పానా, స్క్రూడ్రైవరు, పాత గుడ్డ, నూనె. కొట్టుకు పాత సైకిల్‌ను తీసుకెళ్లండి. పాత చైన్ లింకులెన్నో కొత్తదానికీ అన్నే ఉండాలి. ఎక్కువుంటే అక్కడే తీయించండి. చక్రం పళ్లు కొక్కేల్లా వంగాయేమో చూపించండి. వంగితే అవీ మార్చాలి. లేకపోతే కొత్త చైన్ కూడా జారుతుంది.

ఎలా మార్చాలి?

1. సైకిల్‌కు స్టాండు వేయండి. చైన్ కవరు ఉంటే తీయండి.

2. వెనక చక్రం నట్లు రెండు వైపులా వదులు చేయండి. చక్రాన్ని ముందుకు జరపండి.

3. చైన్‌లో లాకు వెతకండి. దాని మీద చిన్న క్లిప్పు ఉంటుంది. స్క్రూడ్రైవరుతో తీసి గిన్నెలో వేయండి. పోతే దొరకదు.

4. లంగాకు కొత్త బొందు ఎలా ఎక్కిస్తాం? పాత బొందుకు ముడేసి లాగుతాం. ఇదీ అంతే. పాత చైన్ కొసకు కొత్త చైన్ కొసను లాకుతో తగిలించి మెల్లగా లాగండి. పాతది బయటికొస్తుంది, కొత్తది ఎక్కుతుంది.

5. కొత్త చైన్ రెండు కొసలూ కొత్త లాకుతో కలపండి. క్లిప్పు మూసిన వైపు చైన్ నడిచే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే దారిలో ఊడిపోతుంది.

6. చక్రాన్ని వెనక్కి లాగండి. చైన్ మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం కదలాలి. చక్రం వంకర లేకుండా చూసి నట్లు గట్టిగా బిగించండి.

7. నాలుగు చుక్కల నూనె వేసి, పైన తుడిచేయండి. బ్రేకు పడుతోందా చూడండి.

చక్రం తిరిగేటప్పుడు వేళ్లు, చీర కొంగు, పిల్లల చేతులు దూరంగా ఉంచండి. గేర్ల సైకిల్‌కు ఈ పద్ధతి పనికిరాదు.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో చదువుతోపాటు ఆడవాళ్లకు సైకిల్ కూడా నేర్పారు. వేలాది మంది నేర్చుకున్నారు. అంకెలు నేర్చుకున్న మనం చైన్ కూడా కొలవగలం. ఈసారి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. రేపు దారిలో తన పని తానే చూసుకుంటుంది.