అడగడానికి జంకే మొదటి వారం

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఏ ఆఫీసులోనైనా దాదాపు ఒకేలా గడుస్తుంది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు జాబితాలో పేరు వెతుకుతారు. తర్వాత సర్టిఫికెట్ల జిరాక్సులు, పీఎఫ్ ఫారం, బ్యాంకు వివరాలు, ఐడీ కార్డుకు ఫొటో. ఆపైన ఏసీ హాల్లో స్లైడ్లు: కంపెనీ ఎప్పుడు పుట్టింది, ఎన్ని దేశాల్లో ఉంది, దాని విలువలేమిటి. మధ్యాహ్నానికి ఒక బ్యాగు చేతికొస్తుంది, అందులో టీషర్టు, నీళ్ల సీసా, డైరీ ఉంటాయి. సాయంత్రానికల్లా కొత్తగా చేరినవారికి కంపెనీ చరిత్రంతా తెలుస్తుంది. పక్క సీట్లో కూర్చునేదెవరో, లాగిన్ పనిచేయకపోతే ఎవరిని అడగాలో, అడిగితే విసుక్కుంటారో లేదో మాత్రం తెలియదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిజమే, కానీ అమ్మను అడగడానికి ఎవరూ భయపడరు. కొత్త చోట ఆ అడగడమే గండం. ఇండక్షన్ పేరుతో మన కంపెనీలు సమాచారాన్ని కుమ్మరిస్తున్నాయి, అడగడానికి ఉండే జంకును మాత్రం అలాగే వదిలేస్తున్నాయి. ఖర్చు పెట్టాల్సింది ఆ జంకు పోగొట్టడం మీద అని నా వాదన. ఇదేదో మంచితనం కోసం చెప్పే మాట అనుకోనక్కర్లేదు, దీనికి లెక్కలున్నాయి.

అరవై ఏళ్ల కిందటి లెక్కతో మొదలుపెడదాం. అమెరికాలోని డాలస్‌లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో ఎలక్ట్రానిక్ భాగాలు కూర్చే విభాగంలోకి కొత్తగా వచ్చే మహిళలు పని నేర్చుకోవడానికి చాలాకాలం పట్టేది. విభాగం మేనేజర్ ఎర్ల్ గోమర్సాల్, మనస్తత్వ శాస్త్రవేత్త స్కాట్ మైయర్స్ కలిసి ఎందుకిలా అని ఆరా తీశారు. పని మరీ కష్టమైనందువల్ల కాదు, బెరుకు వల్ల. తెలియనిది సూపర్‌వైజర్‌ను అడిగితే చులకనైపోతామని వాళ్ల భయం. దానికి తోడు పాతవాళ్లు సరదాకి బెదరగొట్టేవారు: ఇక్కడ రూల్స్ భయంకరం, ఆయన మంచివాడు కాదు, చాలామంది తట్టుకోలేక పోయారు అని. మన కాలేజీల ర్యాగింగ్‌కు దగ్గరి చుట్టం లాంటిదే ఇది. అందుకని ఒక బృందాన్ని ఎప్పట్లాగే రెండు గంటల పరిచయం తర్వాత లైన్ మీదికి పంపించారు. రెండో బృందానికి అదే పరిచయం ముగిశాక, మిగిలిన రోజంతా వేరే గదిలో కూర్చోబెట్టి నాలుగు సంగతులు చెప్పారు. మీలో దాదాపు అందరూ ఈ పనిలో నెగ్గుతారు, ఇవిగో పాత రికార్డులు. పాతవాళ్ల బెదిరింపులు పట్టించుకోవద్దు. మీరే చొరవ తీసుకుని అడగండి, మీ సూపర్‌వైజర్ అది ఆశిస్తాడు. నాలుగోది నాకు బాగా నచ్చింది: ఆ సూపర్‌వైజర్ ఎలాంటి మనిషో కూడా చెప్పేశారు. కాస్త స్ట్రిక్టుగా ఉంటాడు కానీ స్నేహశీలి, చేపలు పట్టడం సరదా, ఒక్కోసారి మొహమాటపడతాడు కానీ పలకరిస్తే సంతోషంగా మాట్లాడతాడు అని. అంత చిన్న కబురుతో పైఅధికారి అనే బూచి కాస్తా చేపలు పట్టే మామూలు మనిషైపోయాడు. ఈ పద్ధతి వల్ల శిక్షణ కాలం సగానికి, శిక్షణ ఖర్చు మూడో వంతుకు తగ్గాయని, గైర్హాజరు, ఆలస్యపు హాజరు కూడా సగమయ్యాయని వారిద్దరూ 1966లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. దీనికి పట్టింది ఒక్క పనిదినం లోపే.

రెండో ఉదాహరణ మన దేశానిదే. విప్రో బీపీవోలో కొత్తగా చేరిన సుమారు 600 మందిని మూడు రకాలుగా ఆహ్వానించి చూసిన అధ్యయనం 2013లో అచ్చయింది. డేనియల్ కేబుల్, ఫ్రాన్సెస్కా జీనో, బ్రాడ్లీ స్టాట్స్ దాని రచయితలు. ఒక వర్గానికి మామూలు శిక్షణే ఇచ్చారు. ఇంకో వర్గానికి అదనంగా ఒక గంట కంపెనీ గొప్పదనం వివరించి, కంపెనీ పేరున్న స్వెట్‌షర్టులు ఇచ్చారు. మూడో వర్గాన్ని అదే గంటలో వాళ్ల గురించే అడిగారు: మీరు అత్యుత్తమంగా పనిచేసిన సందర్భమేది, మీలోని ఏ గుణం దానికి కారణం అని. వీళ్ల స్వెట్‌షర్టుల మీద వాళ్ల సొంత పేర్లే ఉన్నాయి. ఆరు నెలల తర్వాత చూస్తే ఉద్యోగం వదలకుండా నిలిచినవాళ్లు మూడో వర్గంలోనే ఎక్కువ, కస్టమర్ల సంతృప్తీ అక్కడే ఎక్కువ. ఇక్కడొక మాట దాచకూడదు. జీనో రాసిన వేరే కొన్ని పరిశోధనల డేటా మీద తర్వాత తీవ్రమైన ఆరోపణలొచ్చి, 2025లో హార్వర్డ్ ఆమె శాశ్వత ఉద్యోగ హోదా అయిన టెన్యూర్‌ను రద్దు చేసింది. ఆమె ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. విప్రో అధ్యయనం ఆ వివాదంలోని వాటిలో లేదు. అయినా దీని ఒక్కదాని మీదే వాదనంతా నిలబెట్టడం నాకిష్టం లేదు. డాలస్ లెక్కతో కలిపి చూసినప్పుడే దీనికి బలం. రెండుచోట్లా కొత్తవారికి అదనంగా అందింది ఒకటే, ఇక్కడ నోరు విప్పవచ్చన్న భరోసా.

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఈ భరోసాకు ఇంకో అడ్డుగోడ ఉంది. జిల్లాల్లోని ఇంజినీరింగ్ కాలేజీల నుంచి వచ్చే ఫ్రెషర్లలో చాలామందికి కోడ్ రాయడం వచ్చు, పది మంది ఉన్న మీటింగులో ఇంగ్లిష్‌లో సందేహం అడగడం రాదు. రాదు అనడం కన్నా నోరు రాదు అనడం సబబు. వ్యాకరణం తప్పుతుందేమోనని ప్రశ్ననే మింగేస్తారు. రెండు రోజులు ఒకే ఎర్రర్ ముందు కూర్చుంటారు. టీమ్ లీడ్ దాన్ని నెమ్మదితనమని రాసుకుంటాడు. మరో నలభై స్లైడ్లు చూపించినా ఈ చిక్కు తీరదు. నీకు ఏ భాష సులువైతే ఆ భాషలోనే అడుగు అని పక్క సీటు మనిషి ఒక్కసారి అంటే చాలావరకు తీరుతుంది.

ఆ మాట ఎవరు అనాలన్నది తర్వాతి ప్రశ్న. హెచ్.ఆర్. వాళ్లు అనలేరు, రెండో రోజుకే వాళ్లు కనుమరుగవుతారు. అనాల్సింది పని చేయించుకునే మేనేజరే. కొత్త ఉద్యోగి చేరే ముందు ఆదివారం గూగుల్ మేనేజర్లకు ఒక చిన్న ఈమెయిల్ పంపి ఐదు పనులు గుర్తుచేసేదని అప్పట్లో అక్కడ హెచ్.ఆర్. అధిపతిగా ఉన్న లాజ్లో బాక్ 2015 నాటి పుస్తకంలో రాశారు. బాధ్యతలు వివరించు, తోడుగా ఒకరిని జతచెయ్యి, నలుగురినీ పరిచయం చెయ్యి వంటివి. వాటిని పాటించినచోట కొత్తవాళ్లు 25 శాతం త్వరగా పనిలో కుదురుకున్నారట. మైక్రోసాఫ్ట్‌లో మొదటి 90 రోజుల్లో తమ తోడు ఉద్యోగిని ఒక్కసారైనా కలిసినవారిలో 56 శాతం మంది అది ఉపయోగపడిందన్నారు. ఎనిమిది సార్లకు మించి కలిసినవారిలో అలా అన్నవారు 97 శాతం. ఈ అంకెలు చూసి మురిసిపోనక్కర్లేదు. చురుకైనవాళ్లే పదేపదే కలిసి ఉండవచ్చు, శ్రద్ధ ఉన్న మేనేజర్లే ఈమెయిల్ పాటించి ఉండవచ్చు. పోల్చి చూసే బృందాలున్న డాలస్, విప్రో ప్రయోగాలను వీటికన్నా పైమెట్టు మీద ఉంచడం అందుకే.

మేమెవరూ ఇలా చెయ్యి పట్టుకుని నేర్పించుకోలేదు, నీళ్లలో దిగాకే ఈత వచ్చింది అని సీనియర్లు అంటారు. ఈత వచ్చినవాళ్లే కదా ఆ మాట చెప్పడానికి మిగిలింది! మునిగినవాళ్లు రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు, వాళ్ల మాట రికార్డుల్లో ఉండదు. ఎలాగూ ఏడాదిలో పోయేవాళ్ల మీద ఇంత ఖర్చెందుకన్న అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. అయితే పై రెండు ప్రయోగాల్లోనూ ఖర్చయింది గంటలే, లక్షలు కాదు. పది మంది పనిచేసే దుకాణం యజమాని కూడా పెట్టగల ఖర్చది. పైగా త్వరగా వదిలిపోవడమే జబ్బైతే, దాన్ని సాకుగా చూపి మందు మానేయడమేమిటి?

ఆఫీసుల్లో ఈ జంకు ఖరీదు కొన్ని వృథా రోజులు, ఒక రాజీనామా. ఫ్యాక్టరీలో వేరు. చేరిన మొదటి నెలలో గాయపడి పనికి దూరమయ్యే ప్రమాదం, ఏడాది దాటినవారితో పోలిస్తే మూడు రెట్లకు మించి ఉంటుందని టొరంటోలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ వర్క్ అండ్ హెల్త్ పరిశోధకులు ఆంటారియో రికార్డుల్లో గమనించారు. అడగకుండా ఊరుకున్న ప్రశ్న అక్కడ వేలు తీసుకుపోతుంది. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో మన ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, భద్రత సమాచారం తెలుసుకునే హక్కు, శిక్షణ పొందే హక్కు కార్మికుడికి ఇచ్చారు. హక్కంటే మళ్లీ అడగాల్సిందే. పాశమైలారం, పరవాడ లాంటి పారిశ్రామిక వాడలకు ఒడిశా, బీహార్ల నుంచి కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన కూలీకి గోడ మీది తెలుగు, ఇంగ్లిష్ హెచ్చరికలు చాలాసార్లు చదవరావు, సూపర్‌వైజర్ భాష సగమే అర్థమవుతుంది. ఏ సైరన్ మోగితే పరుగెత్తాలో, ఏ తలుపు వైపు పరుగెత్తాలో మొదటి షిఫ్టులోనే అతనికి ఎవరు చెప్పాలి? కాంట్రాక్టర్ చెప్పే ఉంటాడని కంపెనీ అనుకుంటుంది. లోపలికి వెళ్లాక సూపర్‌వైజర్ చెబుతాడని కాంట్రాక్టర్ అనుకుంటాడు. షిఫ్టు హడావుడిలో ఉన్న సూపర్‌వైజర్, పాతవాళ్లు చూపిస్తార్లే అంటాడు.