దీపం చుట్టూ ఉసిళ్ళు

తొలకరి కురిసిన సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగిసేసరికి దీపం చుట్టూ ఉసిళ్ళు ముసురుకుంటాయి. పిల్లలు బెదురుతారు, మనం పురుగుల మందు అందుకుంటాము. కాని ఉసిళ్ళు కుట్టవు, విషం లేదు. ఇవి రెక్కలు వచ్చిన చెదపురుగులే. సులైమాన్ (అలైహిస్సలాం) చేతికర్రను తిన్నదిగా ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు చెప్పే పురుగు ఈ జాతిదే. నాలుగు రెక్కలూ సమానమైన పొడవుంటే ఉసిళ్ళు; ముందు రెక్కలు పెద్దవిగా, నడుము సన్నగా ఉంటే రెక్కల చీమలు. అన్నం గిన్నెలున్న గదిలో మందు చిమ్మడమే అసలు హాని అని మా అభిప్రాయం. లోపలి దీపం ఆర్పి వాకిట దీపం వెలిగిస్తే అటు మళ్ళుతాయి. రాలిన రెక్కలు తెల్లవారి ఊడ్చుకోవచ్చు. అయితే అవి కిటికీలోంచి గాక గోడ పగుళ్ళలోంచో, గుమ్మం చెక్కలోంచో వెలువడుతుంటే ఇంటికి చెద పట్టినట్లే. చెదమందు వేసేవారిని వెంటనే పిలిపించాలి.