అత్తమ్మ మెడలోని కల్దార్లు

మీ ఇంట్లో దేవుడి అరలో కుంకుమ భరిణె పక్కనో, అమ్మమ్మ ఇచ్చిన చెక్కపెట్టె అడుగునో ఒక పాత రూపాయి బిళ్ళ ఉందా? రాణీగారి బొమ్మో, గడ్డం రాజుగారి బొమ్మో ఉన్న వెండి బిళ్ళ? ఉంటే వంట కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు, ఒకసారి బయటికి తీయండి. పాత నాణేల సేకరణ అనగానే అదేదో మగవాళ్ళ సరదా అనుకుంటాం. నిజానికి మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్ళలో వాటిని ఇన్నేళ్ళూ దాచింది ఆడవాళ్ళే. కరిగించిందీ మనమే! నేనూ కరిగించాను. ఆ సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

మా పుట్టిల్లు సిరిసిల్ల, మెట్టినిల్లు కోరుట్ల. ఇప్పుడు ఉంటున్నది జగిత్యాలలో. మా అత్తమ్మకు వాళ్ళమ్మ ఇచ్చిన రూపాయల పేరు ఒకటి ఉండేది. 19 వెండి బిళ్ళలు, ఒక్కోదానికి కొండి అతికించి, నల్లదారానికి గుచ్చిన పేరు. 1994లో మా అమ్మాయికి పట్టగొలుసులు చేయించాలనుకున్నాం. చేతిలో డబ్బు లేదు. "అవి ఊరికే పెట్టెలో ఉన్నాయి కదా అత్తమ్మా" అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా పేరు విప్పి 12 బిళ్ళలు నా కొంగులో పోసింది. కంసాలి నా కళ్ళముందే వాటిని మూసలో వేశాడు. "మంచి వెండమ్మా" అని మెచ్చుకున్నాడు కూడా.

నెల తిరగకుండానే ఒక సాయంత్రం అత్తమ్మ బీడీల చాట పక్కన పెట్టి, మిగిలిన 7 బిళ్ళలూ ముందు పోసుకుని ఒక్కోదాన్నే తిప్పి చూస్తోంది.

"ఏం వెతుకుతున్నరు అత్తమ్మా?"

"మా నాయిన షోలాపూర్‌ల నేతపని చేసి తెచ్చిన మొదటి జీతం రూపాయి ఇండ్లనే ఉండె బిడ్డా. బోడిరాజు బిళ్ళ. గది ఆ పన్నెండిట్ల పోయినట్టుంది."

నా గుండె గుభేలుమంది. "మరి ఆ రోజే చెప్పొద్దా?"

"నువ్వడిగితే గదా నేను చెప్పేది. పోనీ తియ్. పోరి కాళ్ళకన్న ఉన్నది."

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేను మాత్రం పాత బిళ్ళలు కూడబెట్టడం ఆనాటి నుంచే మొదలుపెట్టాను.

షోలాపూర్ రూపాయి మన ఊరికెలా వచ్చింది?

మనది నిజాం రాజ్యం కదా, ఇక్కడికి ఇంగ్లీషు రూపాయి ఎక్కడిది అనిపిస్తుంది. అప్పట్లో మనవాళ్ళకు రెండు రూపాయలు తెలుసు. నిజాం రూపాయి 'హాలీ'. బ్రిటిష్ వాళ్ళది 'కల్దార్', అంటే మరమీద అచ్చయినదని. 6 కల్దార్లకు సుమారు 7 హాలీ రూపాయలు వచ్చేవి. మన వైపు నుంచి ఎందరో నేతన్నలు బతుకుదెరువుకు షోలాపూర్, బొంబాయి, భీవండి వెళ్ళారు. అవి బ్రిటిష్ ఏలుబడిలోని ఊళ్ళు కనుక కూలి కల్దార్లలోనే ముట్టేది. వాళ్ళు బొడ్లో కట్టుకుని తెచ్చిన ఆ రూపాయలే ఇంటి ఆడవాళ్ళ మెడలో పేర్లయ్యాయి. బ్యాంకు ఎరగని రోజుల్లో ఆడదాని మెడే బ్యాంకు! ఇప్పుడు దుబాయి నుంచి, మస్కట్ నుంచి వచ్చిన మనవాళ్ళ జేబుల్లో మిగిలిపోతున్న చిల్లర చూడండి. అదీ ఈ కథే.

బిళ్ళను చదవడం నేర్చుకుందాం

ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, బొమ్మను బట్టి పోల్చుకోవచ్చు. 1840 నాటి బిళ్ళ మీద విక్టోరియా రాణి జుట్టు ముడితో, కిరీటం లేకుండా ఉంటుంది. 1862 నుంచి కిరీటం వచ్చింది. 1877 నుంచి 'క్వీన్' పోయి 'ఎంప్రెస్' అని పడింది. 1862 అని ఉన్న బిళ్ళలు ఎక్కువగా కనబడతాయి. ఎందుకంటే తర్వాత కూడా చాలా ఏళ్ళు అదే సంవత్సరం వేసి అచ్చుకొట్టారు. 1903 నుంచి 1910 దాకా ఏడవ ఎడ్వర్డు. నెత్తిన కిరీటం లేదు, అందుకే మా అత్తమ్మ 'బోడిరాజు' అనేది. 1911 నుంచి గడ్డం, కిరీటం ఉన్న అయిదవ జార్జి. ఆ తొలి ఏడు రాజుగారి అంగీ మీది ఏనుగు బొమ్మ జనానికి పందిలా కనబడి పెద్ద గొడవే అయింది! మరుసటి ఏడు బొమ్మ మార్చారు. అందుకే 1911 బిళ్ళకు గిరాకీ. గడ్డం లేని కిరీటం రాజు ఆరవ జార్జి. 1940 నుంచి రూపాయిలో వెండి సగమే. 1947 రూపాయి వెండిదే కాదు, నికెల్‌ది. దాని వెనక పులి బొమ్మ ఉంటుంది.

హాలీ రూపాయి దొరికితే చార్మినార్ గుమ్మంలోకి చూడండి. అక్కడ ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది.

అన్నట్టు, పాత వంటల్లో, నాటు మందుల్లో 'రూపాయి ఎత్తు' అని వింటుంటాం కదా! పాత వెండి రూపాయి బరువు సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. అలాంటి 80 రూపాయల ఎత్తు ఒక సేరు. రూపాయికి 16 అణాలు, 64 కాణులు, 192 దమ్మిడీలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి ఆ లెక్క మారింది. 1943 నుంచి వచ్చిన చిల్లుకాణీకి నడుమ చిల్లు ఎందుకంటే, యుద్ధం రోజుల్లో రాగి పొదుపు కోసం.

చింతపండు జోలికి పోవద్దు

నల్లబడిన బిళ్ళను చూడగానే మన చెయ్యి చింతపండు మీదికో, విభూతి మీదికో పోతుంది. వద్దు! తోమితే పైపొర అరిగి గీతలు పడతాయి, సేకరించేవాళ్ళు మెచ్చేది ఆ నలుపునే. మట్టి ఉంటే గోరువెచ్చని సబ్బునీళ్ళలో ముంచి తీసి, మెత్తని గుడ్డతో అద్దండి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోవాలి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే జిగురు పడుతుంది. ఒక్కో బిళ్ళకు ఒక్కో కాగితం కవరు మేలు. లక్ష్మీపూజకు పసుపు కుంకుమ పెట్టే బిళ్ళను వేరే ఉంచుకోండి.

లక్షల మాట నమ్మకండి

'మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు కాస్త రుసుము కట్టండి' అని ఫోను వస్తే అది మోసమే. తన పేరు వాడి ఇలా మోసం చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021లో జనాన్ని హెచ్చరించింది. సీతారాములు, హనుమంతుడి బొమ్మలతో '1818 ఈస్టిండియా కంపెనీ' అని అమ్మే బిళ్ళలు కంపెనీ అచ్చుకొట్టినవి కావు. మామూలు విక్టోరియా, జార్జి రూపాయలకు చాలావరకు వెండి ధర మీద కొంత ఎక్కువ వస్తుంది, అంతే. కొండి అతికించినదైతే ఇంకా తగ్గుతుంది. కొనేముందు తూకం వేయించండి. 11.66 గ్రాములకు బాగా తేడా ఉంటే అనుమానించాల్సిందే.

ఇంటి నాణేలు వేరు, పొలంలో దున్నుతుంటే దొరికినవి వేరు. భూమిలో దొరికిన నిధి సంగతి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. మన జగిత్యాల జిల్లాలోనే గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. అక్కడ దొరికిన చిన్న చిన్న నాణేలు పరబ్రహ్మశాస్త్రిగారి వంటి పండితుల కంటపడబట్టే, తొలి శాతవాహన రాజు శ్రీముఖుడి పేరు అచ్చంగా మన నేల మీద బయటపడింది. అవి కూడా ఎవరి మూసలోనో పడి ఉంటే?

కవరు మీద రాయండి

నా దగ్గర ఇప్పుడు నూటికి పైగా బిళ్ళలున్నాయి. వాటిలో ఖరీదైనవి తక్కువే. కానీ ప్రతి కవరు మీదా ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు చెప్పారు అని రాసి ఉంటుంది. అత్తమ్మ బతికుండగానే ఆ 7 బిళ్ళల సంగతీ అడిగి రాసుకున్నాను. ఒకటి ఆమె పెళ్ళినాటిది, ఒకటి తమ్ముడు పుట్టినప్పుడు మేనత్త చేతిలో పెట్టినది. ఆమె లేకపోతే అవి ఉత్త వెండి ముక్కలే.

మొన్న మా అమ్మాయి వచ్చి, ఆ చిన్నప్పటి పట్టగొలుసులు మార్చి కూతురికి కొత్తవి తీసుకుంటానంది. నేనివ్వలేదు. కొత్తవి నేను కొనిస్తానన్నాను. పాతవి ఒక కవరులో వేసి, పైన 'ఇందులో తాతయ్య షోలాపూర్ రూపాయి ఉంది' అని రాసి బిళ్ళల పక్కనే పెట్టాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ సాయంత్రమే ఆ పాత బిళ్ళ వాళ్ళ చేతిలో పెట్టి, 'ఇది ఎక్కడిది?' అని అడగండి. అడిగితేనే కదా వాళ్ళు చెప్పేది!